గ్రాఫిక్స్ కాని కన్నీళ్లు

టీవీ అవార్డుల కార్యక్రమాన్ని యమున ధర్మవరంలో తమ్ముడి ఇంట్లో కూర్చుని చూసింది. పిలుపు రాలేదు గనక హైదరాబాద్ పోలేదు. తమ్ముడి భార్య గౌరి మగ్గం దిగొచ్చి పక్కన కూర్చుంది.

నలభై ఆరేళ్ల వయసులో యమునకు ఒక సీరియల్లో మొదటి పెద్ద వేషం దొరికింది. వ్యోమనౌక కూలిపోయి వేరే గ్రహం మీద ఒక్కతే మిగిలిపోయిన మనిషి కథ. షూటింగంతా పెనుకొండ రాళ్ల మధ్యే జరిగింది. ఆకాశాన్నీ నేలనూ తర్వాత కంప్యూటర్లో మార్చారు. ఒంటికి మందపాటి సూటు, తలకు గాజు హెల్మెట్. ఎదురుగా నటించేవాళ్లు ఎవరూ ఉండరు. భూమి నుంచి వచ్చే గొంతును తర్వాత కలుపుతారు కాబట్టి, అసిస్టెంటు ఒకతను దూరంగా గొడుగు కింద కూర్చుని ఆ మాటలు గబగబా చదివేసేవాడు. యమున గాలికి జవాబు చెప్పేది. సాయంత్రం లాడ్జికి పోయాక కూడా ఆమెతో మాట్లాడేవాళ్లు లేరు.

ఒక సీనులో భూమి నుంచి కబురొస్తుంది. ఆమె వదిలివచ్చిన పసికూతురు పెరిగి పెద్దదై, ముసలిదై, చనిపోయిందని. నౌక వేగానికి ఆమెకు కొన్నేళ్లే గడిచాయి, భూమ్మీద ఒక ఆయుష్షే గడిచిపోయింది. మోకాళ్ల మీద పడి అరవాలని స్క్రిప్టులో ఉంది. యమునకు అరుపు రాలేదు. కన్నీళ్లొచ్చాయి. తుడుచుకుందామని చెయ్యెత్తితే గ్లవ్సు పోయి గాజుకు కొట్టుకుంది. గాజు ఉందన్న సంగతే ఆమె మర్చిపోయింది. డైరెక్టరు చాలాసేపు కట్ చెప్పలేదు.

ఇప్పుడు టీవీలో ఆ ముక్కే వేశారు. ఉత్తమ గ్రాఫిక్స్ అవార్డు ఇస్తూ యాంకరు, "ఆ కన్నీటిచుక్క చూశారా! కంప్యూటర్లో చేశారంటే నమ్ముతారా?" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఉత్తమ నటి అవార్డు ఒక అత్తగారి పాత్రకు పోయింది.

"వదినా, ఆ నీళ్లు నీవి గావా?" అంది గౌరి.

"నావే."

"మరి ఆయప్ప అట్లంటాడేమి?"

మర్నాడు పొద్దున, ఆ సీరియల్‌కు గ్రాఫిక్స్ చేసిన మురళి ఫోన్ చేశాడు. "అక్కా, నేను ఆకాశమూ ఆ రెండు చందమామలూ చేసినానంతే. స్టేజీ మీద ఆ మాటే చెప్పినా. టీవీలో తీసేసినారు."

"పోనీలేప్పా," అందామె.

అన్నదే గానీ, ఆ రోజే హిందూపురం బస్సెక్కింది. అవార్డు కమిటీలో ఉన్న రామాంజినేయులు ఆ ఊరివాడే. ఒకప్పుడు నాటకాల్లో ఆమెకు తండ్రిగా వేసిన నటుడు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు.

"ఏం యమునా, చెప్పకుండా వచ్చినావే! లోపలికి రా."

దారంతా ఎన్నో మాటలు కూడబలుక్కుంది. నోటికి ఒక్కటే వచ్చింది. "నేను బాగా చెయ్యలేదా అన్నా?"

ఆయన కళ్లద్దాలు తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు. "అట్ల కాదమ్మా. అవార్డొచ్చినామె చేసినట్లాంటి అత్తలను మా వీధిలోనే చూసినా. ఆమె సరిగ్గా చేసిందా లేదా నాకు తెలుస్తాది. ఇంగో గ్రహంలో ఒక్కతే ఉండే మనిషి ఎట్లుంటాదో ఎవురికి తెలుసు? దేంతో పోల్చి చూడాల? కంప్యూటరు బొమ్మలు బాగుండాయి, బొమ్మలకు ఇచ్చేద్దామన్నారు. నేనూ సరే అన్న్యా."

"ఒంటరిగా ఉండే మనిషిని నువ్వు చూడలేదా అన్నా?"

భోజనాల బల్ల మీద ఒక్క కంచం బోర్లించి ఉంది. మిగతా కుర్చీల నిండా పాత పేపర్లు. అది చూశాక, అలా అనకుండా ఉండాల్సింది అనిపించింది యమునకు.

"మాకు పంపింది మూడు నిమిషాల ముక్కమ్మా," అన్నాడాయన. "అంతా యాడుండాదో పెట్టు, చూస్తా."

ఆమె టీవీలో ఆ ఎపిసోడు వెతికి పెట్టింది. ఆయన ముందుకు వంగి చూశాడు. గ్లవ్సు గాజుకు కొట్టుకున్నాక రిమోటు తీసుకుని ఆపేశాడు.

"చాలమ్మా," అని లేచి వంటింట్లోకి పోయాడు. గిన్నెలు కిందామీదా పడిన చప్పుడు. చాలాసేపటికి రెండు గ్లాసుల కాఫీ తెచ్చాడు. చక్కెర మరీ ఎక్కువైంది.

"వచ్చే ఏడన్నా…" అని మొదలుపెట్టాడు.

"సీరియల్ ఆపేసినారన్నా. చూసేవాళ్లు లేరంట."

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ కబురు విన్నాక నువ్వు అరవలేదెందుకు?"

"అరిస్తే ఎవురన్నా వినాల గదన్నా."

ఆయన తల ఊపాడు. "మా ఆమె పోయినప్పుడు నేనూ అరవలేదు," అన్నాడు, కిటికీ వైపు చూస్తూ. "వచ్చినోళ్లంతా ధైర్యంగా ఉండాడనుకున్న్యారు."

బస్సు టైమైందని యమున సంచి తీసుకుని లేచింది. ఆయన కూడా లేచాడు గానీ తలుపు వైపు అడుగెయ్యలేదు.

"ఇంగో బస్సుండాదిలే," అని యమున ఒక కుర్చీ మీది పేపర్లు తీసి కింద పెట్టి, అందులో కూర్చుంది.