శాసనసభకు చూపిన నీళ్లు

నీళ్ల ట్యాంకు ముందు వేసిన కుర్చీల్లో మొదట నీటి పథకాల ఇంజనీరు ఉషారాణి, ఆమె కుడివైపున సర్పంచి నరసింహులు, ఆయన పక్కన పంచాయతీ కార్యదర్శి మోషే కూర్చున్నారు. వారి వెనుక ఆడవాళ్లు నిలబడ్డారు. అందరికన్నా చివర, ఫ్లోరైడు నీళ్లకు మోకాళ్లు వంగిపోయి నిలబడలేని వెంకటసుబ్బులమ్మ నేల మీద చతికిలబడింది.

హనుమంతునిపాడు మండలంలోని ఆ ఊరికి ఇంజనీరును రప్పించింది శాసనసభలో పడిన ఒక ప్రశ్న. అక్కడ మంచినీటి పథకం నిలిచిపోయిన మాట వాస్తవమా, అయితే ఎప్పటికి బాగుచేస్తారని ఒక సభ్యుడు మంత్రిని అడిగాడు.

పథకం నిలిచి రెండేళ్లు దాటింది. ఆఫీసరు వస్తున్నదనగానే నరసింహులుకు తోచింది ఒకటే: ఎండిన కుళాయి చూపిస్తే ఊరికీ తనకూ తలవంపులు. ముందురోజే కనిగిరి నుంచి ట్యాంకరు తెప్పించి ట్యాంకు నింపించాడు.

ఉషారాణి కుళాయి తిప్పింది. నీళ్లు ధారగా పడ్డాయి. ఫోటో తీసుకుంది.

"బాగానే వస్తున్నాయి కదండీ."

"వస్తాయి మేడం," అన్నాడు నరసింహులు, కాస్త గర్వంగానే.

"ఏం వస్తాయి నరసింహులూ?" అన్నది వెంకటసుబ్బులమ్మ. "నిన్న ట్యాంకరోడు పోసి పోయినాడు గదా. అమ్మా, ఎల్లుండి రా తల్లీ, అప్పుడు తీయి ఫోటో."

"ఊరుకో పెద్దమ్మా, ఊరి పరువు తీస్తాండావు."

"పరువు ముంచుకోని తాగుతావా ఏంది అబ్బాయా?"

వెనుక ఎవరో నవ్వారు. ఉషారాణి సర్పంచి వైపు తిరిగింది. "ఆమె చెప్పేది నిజమేనా? నిజమంటే అట్లే రాస్తాను. మంత్రిగారి జవాబు దాన్నిబట్టే ఉంటుంది."

శాసనసభలో పడిన ప్రశ్న ఊరిని నిలదీయడానికి కాదనీ, ఊరి తరఫున మంత్రిని నిలదీయడానికనీ నరసింహులుకు అప్పుడు అర్థమైంది. అవునంటే చాలు. కానీ అంతమందిలో తన మోసం తానే ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

"ముసలామెకు మతి సరిగా లేదు మేడం," అన్నాడు.

మంత్రి జవాబు వచ్చేసరికి ట్యాంకు అడుగంటింది. ఆడవాళ్లు మళ్లీ పాత బోరు దగ్గరే బిందెలు పెట్టారు. మోషే ఫోనులో చూసి చదివాడు. "పథకం నిలిచిన మాట వాస్తవమా అంటే, 'కాదండి.' ఎప్పటికి బాగుచేస్తారంటే, 'ప్రశ్న ఉత్పన్నం కాదు.'"

"అంటే ఏంది మోషే?" అన్నాడు నరసింహులు.

"నిలవనే లేదన్నాక, బాగుచేసేది ఎప్పుడని ఇంక అడిగే పనే లేదని, అన్నా."

తరువాతి గ్రామసభలో నరసింహులే లేచి మోషే చేత తీర్మానం రాయించాడు:

"ఆ దినమున ఇంజనీరు గారి ఎదుట నిజము పలికినవారు శ్రీమతి వెంకటసుబ్బులమ్మ గారు ఒక్కరే. వారి మతి గురించి సర్పంచి అన్న మాట అబద్ధము. ఊరి కొరకు నిజము చెప్పినందుకు ఈ సభ వారికి కృతజ్ఞతలు తెలుపుచున్నది."