ముప్పై ఏడో పేజీ

ముందే క్షమించమని అడుగుతున్నాను. నా రాతలో ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు మరిచిపోతాను. ఇంతమాత్రం రాయడానికి పదకొండు మధ్యాహ్నాలు పట్టింది. "నేను" అని మొదలుపెడితే చెయ్యి ముందుకు పోవడం లేదు. అందుకని బుగ్గమ్మ అనే రాస్తున్నాను, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు.

బుగ్గమ్మ పొద్దున గోంగూర ఒలుస్తూ కూర్చుంది. కొడుకు ఉదయ్ కుమార్ బూట్లు వేసుకుంటూ, "అమ్మా, ఖాళీగనే ఉన్నవ్ గద, జర నా అంగీలు ఇస్త్రీకి ఇచ్చి రా" అన్నాడు. కోడలు విజయశ్రీ అన్నం డబ్బా సంచిలో పెట్టుకుంటూ, "అత్తమ్మా, ఎట్లయినా ఖాళీయే గదా, పిండి పట్టించుకొస్తరా?" అంది. అప్పటికి బుగ్గమ్మ రెండు డబ్బాలు కట్టింది, నీళ్ళు పట్టింది, బట్టలు నానబెట్టింది, ఒళ్ళో గోంగూర ఉంది. ఖాళీ అనే మాట ఆ ఇంట్లో ఆమెకు రెండో పేరు. ఎవరికీ చెడ్డ మనసు లేదు. పొయ్యి మీద పాలు కనబడతాయి గానీ పొయ్యి కనబడదు కదా, అట్లాగే.

ఆమె భర్త జైపాల్‌కు చిక్కడపల్లి గల్లీలో బైండింగ్ కొట్టు ఉండేది. ఇరవై రెండేళ్ళు బుగ్గమ్మ ఆ కొట్లో కాగితాలు మడిచింది, సూదీ దారంతో కుట్టింది, మైదా జిగురు కాచింది. పరీక్షల పుస్తకాలు, కాలేజీ పిల్లల పెద్ద పెద్ద పుస్తకాలు వేలల్లో ఆమె చేతుల మీదుగా పోయాయి. ఒక్కటీ చదవలేదు, చదువు రాదు. అంకెలు మాత్రం వచ్చు. పేజీలు వరుసలో పెట్టాలంటే అంకెలు రావాలి కాబట్టి అవి జైపాలే నేర్పాడు. అక్షరాలు కూడా చూపించమని ఒకసారి అడిగితే, చేతిలో కత్తెర ఆపకుండానే, "నీకెందుకే? అక్షరాలు వస్తె చదువుకుంట కూసుంటవ్, పని ఎవడు జేస్తడు?" అన్నాడు. కొట్లో ఉన్న గిరాకీలు నవ్వారు. బుగ్గమ్మ కూడా నవ్వింది. అట్లా నవ్వినందుకే ఆమెకు ఇప్పటికీ తన మీద కోపం.

ఆయన పోయిన మూడేళ్ళకు, యాభై అయిదో ఏట, అక్షరాలు వచ్చాయి. నేర్పింది పై అంతస్తు హాస్టల్లో ఉండే కీర్తన. అశోక్ నగర్‌లో అందరిలాగే సర్కారు నౌకరీ పరీక్షకు చదువుతున్న పిల్ల. డాబా మీద బట్టలు ఆరేసేటప్పుడు, తన పాత పరీక్ష కాగితాల వెనకవైపు తెల్లగా ఉన్న చోట అక్షరాలు దిద్దించింది. రెండేళ్ళు పట్టింది. బుగ్గమ్మ ఇప్పటికీ వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతుంది. కానీ రాత గుండ్రంగా ఉంటుంది. "నీ చేతిరాత ముందు నాది కోడిగీతలక్కా" అంటుంది కీర్తన.

ఆ మాటే మనసులో ఉండిపోయిందేమో. ఒకనాడు ఫోన్‌లో ప్రకటన కనబడింది. ఇంట్లో కూర్చుని చేతిరాత పని, పేజీకి యాభై రూపాయలు, చదువుతో పని లేదు. ఫోన్ చేస్తే ఒకాయన "చెప్పండి మేడం" అన్నాడు. బుగ్గమ్మను మేడం అన్నవాడు పుట్టి బుద్ధెరిగాక అతనొక్కడే. పేరు నమోదుకు పదిహేను వందలు కట్టాలన్నాడు, రాసిన పేజీల డబ్బుతో పాటు అవీ తిరిగొస్తాయన్నాడు. ఆఫీసు ఎక్కడని అడిగితే అంతా ఆన్‌లైనే అన్నాడు. ఫోన్‌లో ఏదో పెద్ద కాగితం పంపి, కింద "అంగీకరిస్తున్నాను" అన్న చోట నొక్కమన్నాడు. చదవడానికి రెండు రోజులు పడుతుందంటే, "అందరూ ఊరికే నొక్కేస్తారు మేడం, ఇంకా ఇద్దరికే ఖాళీ ఉంది" అన్నాడు. ఆమె సిగ్గుపడి నొక్కింది, పదిహేను వందలూ కట్టింది. చదవడం ఆలస్యమవుతుందని ఒప్పుకోవడం కంటే నొక్కడమే సులువనిపించింది.

వాళ్ళు పంపిన కథను చూసి రాయాలి. పదిహేను రోజుల్లో ముప్పై పేజీలకు తగ్గకూడదు. బుగ్గమ్మ తొమ్మిది తెల్ల ఠావులు కొని, మధ్యకు మడిచి, ఎర్రదారంతో కుట్టింది. విడి కాగితాల మీద రాయడం ఆమెకు చేతకాదు, కుట్టనిది పుస్తకమే కాదు ఆమె లెక్కలో. మొత్తం ముప్పై ఆరు పేజీలు. పన్నెండు మధ్యాహ్నాలు, అందరూ బయటికి పోయాక, బియ్యం డబ్బా మీద పలక పెట్టుకుని రాసింది. చివరి పేజీ చివరి వరకూ నింపింది. ఒక్కో పేజీకి ఫొటో తీసి పంపింది. ఆ పన్నెండు రోజులూ ఎవరైనా ఖాళీయే కదా అంటే ఆమెకు లోపల్లోపల నవ్వొచ్చింది.

పంపిన మూడో రోజు ఫోన్‌లో నోటీసు వచ్చింది. పైన త్రాసు బొమ్మ, కింద ఎర్ర ముద్ర. వెంటనే ఫోను. ఈసారి మేడం లేదు. "ఎన్ని తప్పులు రాసినవో తెలుసా? కంపెనీకి నష్టం. రేపటికల్లా ఎనిమిది వేలు కట్టు, లేకుంటే కోర్టు కేసు. పోలీసులు నేరుగా ఇంటికే వస్తరు."

బుగ్గమ్మ కళ్ళ ముందుకు పోలీసుల కంటే ముందు జైపాల్ వచ్చాడు, కత్తెర పట్టుకుని. "చూసినవా, నీకెందుకన్న గదా" అన్నాడు. తప్పులు రాశాను, రాయకుండా ఎట్లా ఉంటాను, నేనెంత, నా చదువెంత అనుకుంది. వాళ్ళు చెప్పింది అబద్ధమేమో అన్న అనుమానమే రాలేదు. ఎందుకంటే ఆ మాటలు ఆమెకు కొత్తవి కావు, ఇన్నేళ్ళూ ఇంట్లో విన్నవే. ఇప్పుడు ముద్ర వేసుకుని వచ్చాయి, అంతే.

చెవుల కమ్మలు తీసి కొంగున ముడేసుకుంది. నారాయణగూడలో తాకట్టు కొట్టు ఉంది. ఎవరికీ చెప్పకుండా కట్టేస్తే కొడుకు దాకా పోదు. కొట్టు ఇంకా తీయలేదు. పక్కన చాయ్ బండి దగ్గర బల్ల మీద కూర్చుని, ఏం తప్పులు చేశానో అదైనా చూద్దామని ఫోను తీసి నోటీసు చదవడం మొదలుపెట్టింది. వేలు పెట్టి, ఒక్కో అక్షరం. పెద్ద పెద్ద మాటల దగ్గర ఆగుతూ, మళ్ళీ వెనక్కి పోతూ. చాయ్ చల్లారింది. అయిదో వరుసలో వేలు ఆగిపోయింది.

"మీరు రాసిన నలభై ఒకటో పేజీలో ఇరవై మూడు తప్పులు."

నలభై ఒకటి. బుగ్గమ్మ మళ్ళీ చూసింది. అక్షరాలైతే తప్పు చదివానేమో అనుకునేది. అంకెల దగ్గర ఆమెను ఇంతవరకు ఎవరూ తప్పు పట్టలేదు. తొమ్మిది ఠావులు, ముప్పై ఆరు పేజీలు. కుట్టింది తన చేతులతో.

అక్కడినుంచే ఫోన్ చేసింది. "బిడ్డా, నేను రాసిన పుస్తకంల ఆఖరి పేజీ ఎంత?"

"నోటీసుల ఉన్నది గదా. డబ్బులు ఎప్పుడు కడుతున్నవ్?"

"కడుత. మొదటి పేజీల ఏం రాసిన్నో ఒక్క మాట చెప్పు, కడుత."

"ఏయ్, మాటలొద్దు. పోలీసులను పంపాల్నా?"

"పంపు. నలభై ఒకటో పేజీ వాళ్ళ చేతికిచ్చి పంపు. నేను రాయలే, ఎవరు రాసిన్రో నాకూ చూడాలనున్నది."

అవతల ఫోను పెట్టేశాడు. చాయ్ బండాయన అక్కడినుంచే, "ఏందక్కా, ఎవలు గా మనిషి?" అని అడిగాడు. బుగ్గమ్మ చాయ్ పైసలిచ్చి లేచింది. భయం పోయింది గానీ, దాని చోట ఇంకోటి వచ్చి కూర్చుంది. పన్నెండు మధ్యాహ్నాలు రాసిన రాతను ఒక్కడూ తెరిచి చూడలేదు. పదిహేను వందలు పోయినందుకు కాదు, అందుకు ఏడుపొచ్చింది.

డాబా మీద కీర్తనకు చెప్పింది. నవ్వుతుందనుకుంది. ఆ పిల్ల తడిగుడ్డ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడింది. "అక్కా, పోయినేడు నేనూ కట్టిన. టైపింగు పని అన్నరు. నోటీసొస్తె నాలుగు వేలు కట్టిన. ఎమ్మే చదివి మోసపోయిన అంటె నవ్వుతరని ఎవ్వరికీ చెప్పలే."

"మా కొట్టుకు పనికొచ్చినోళ్ళకు మేమే పైసలిచ్చినం పిల్లా, ఒక్కరి దగ్గర తీసుకోలే. పని ఇచ్చెటోడు పైసలడిగినప్పుడే నాకు సమజ్ కావాలె గదా!"

"నాకు కాలేదు గదక్కా."

ఇద్దరూ కూర్చుని ఫోన్ మోసాల మీద పోలీసులకు చెప్పుకునే నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించారు. సాయంత్రం బుగ్గమ్మ కొడుకుకూ చెప్పింది, దాచలేదు. "నిన్నెవరు జేయమన్నరమ్మా గివన్నీ? ఇంట్ల ఏం తక్కువైంది నీకు?" అన్నాడు వాడు. జైపాల్ గొంతే. విజయశ్రీ మాత్రం గిన్నె కింద పెట్టి, "ముప్పై ఆరు పేజీలు రాసినరా అత్తమ్మా? ఏవి, చూపించుర్రి" అంది. ఎర్రదారం పుస్తకాన్ని పొయ్యి పక్కనే నిలబడి మొదటి పేజీ నుంచి చదివింది. కూర అడుగంటింది.

ఇప్పుడు మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా డాబా మీద మెట్ల దగ్గర బుగ్గమ్మ చాప పరుస్తుంది. హాస్టల్ పిల్లలూ, గల్లీలో ఆడవాళ్ళూ ఫోన్‌లో వచ్చిన పనుల కాగితాలు తెస్తారు. గబగబా చదివేవాళ్ళు జారవిడిచేది వేలు పెట్టి చదివేవాళ్ళకు దొరుకుతుంది. డబ్బు ముందు అడిగారా, ఆఫీసు ఎక్కడో చెప్పారా, నొక్కమని తొందరపెట్టారా, అన్నీ చూస్తుంది. వాళ్ళు తొందరపడితే, "ఆగు పిల్లా, ఇంకా రెండో వరుసలనే ఉన్న" అంటుంది.

నిన్న ఆదివారం, రెండు దాటాక, ఉదయ్ కుమార్ కింది నుంచి పిలిచాడు. "అమ్మా, ఖాళీగ ఉన్నవా?"

"లేను."

అతను ఇంకోసారి పిలవలేదు. కాసేపటికి గోంగూర కట్ట తీసుకుని తనే ఒలుస్తూ కూర్చున్నాడు, సగం ఆకులు కాడలతోనే.

పాత పుస్తకానికి ఇంకో మడత చేర్చి ఎర్రదారంతోనే కుట్టాను. ఈ కథ అందులో ముప్పై ఏడో పేజీలో మొదలైంది. ఇది ఎవరినో చూసి రాసింది కాదు. తప్పులుంటే అవీ నావే, వాటికి ఎవరికీ ఏమీ కట్టను. మీరు ఇక్కడిదాకా చదివారు కాబట్టి చెయ్యి ఇప్పుడు ఆగడం లేదు.

నేను,
బుగ్గమ్మ, యాభై ఎనిమిదేళ్ళు, అశోక్ నగర్, హైదరాబాద్.