రెండో పక్క

దూదిని స్పిరిట్‌లో ముంచి టేపురికార్డరు హెడ్డు మీది మకిలి తుడుస్తున్నాడు అంతోనయ్య. దుమ్ముగూడెంలో మైకుసెట్టు పెట్టిన నాటి నుంచి పొద్దున్నే చేసే పనే అది. పాటలన్నీ ఇప్పుడు ఫోన్లోంచే వస్తున్నా, ఆ ముసలి పెట్టెను మాత్రం వదల్లేదు. అందులో తిరిగే క్యాసెట్టు ఒక్కటే. దాని మీద తన జతగాడు సీతయ్య వంకర టింకరగా రాసిన ‘టెస్టింగ్’ అనే మాట సగం చెరిగిపోయింది.

ఎనభైల్లో ఏదో పెళ్లికి హైదరాబాదు నుంచి వచ్చిన కాలేజీ కుర్రాడు మరిచిపోయిన హెవీ మెటల్ ఆల్బమ్ అది. భాష తెలియదు. పాడేవాడేమో ఎవరో కాలు తొక్కినట్టు అరుస్తాడు. కానీ ఆ డ్రమ్ముల దెబ్బకు తట్టుకున్న స్పీకరు బాక్సు ఎక్కడా పగలదని సీతయ్య కనిపెట్టాడు. అప్పటి నుంచి ఎక్కడ బాక్సులు కట్టినా ముందు ఆ ‘ఇనప పాట’ మోగాల్సిందే. గిటారు గర్జించి, గొంతు లేచేసరికి ఎవరో ఒక పెద్దమనిషి పరుగెత్తుకొచ్చేవాడు, అది ఆపి దేవుడి పాట పెట్టమని. పెళ్లిళ్లు, జాతరలు, చర్చి పండుగలు, చావులు... ఇన్నేళ్లలో మొదటి పాట సగం దాటలేదు. రెండో పక్క తిప్పనే లేదు.

“బావా, పని లేని రోజు కూసొని మొత్తం ఇందాం,” అనేవాడు సీతయ్య. పని లేని రోజు రాలేదు గానీ పక్షవాతం వచ్చింది. భద్రాచలం దవాఖానావాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

అంతోనయ్య కొట్టు మూసి, సీతయ్య ఊరికి ఆటో ఎక్కి పెట్టెను ఒళ్లో పెట్టుకున్నాడు. అడవి దారిలో గుంత వచ్చినప్పుడల్లా దాన్ని రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. పాత రీలు, ఒక్కసారికైనా తట్టుకుంటుందో లేదో. అక్కడ మనిషి పరిస్థితీ అంతే.

వెదురు తడికల పంచలో నులకమంచం మీద ఉన్నాడు సీతయ్య. మూతి ఒక పక్కకు లాగేసింది. కుడిచెయ్యి కట్టెలా పడి ఉంది. భార్య జంపక్క తడిగుడ్డతో పెదవులు అద్దుతోంది.

“ఇప్పుడు గీ మోతేందన్నా? గుండె ఆగుతదేమో,” అంది భయంగా.

“సౌండు తగ్గించే పెడత చెల్లె. బావనే ఎన్నటి నుంచో అడుగుతుండె గదా.”

సీతయ్య కళ్లు పెట్టె వైపు తిరిగాయి. గొంతులో ఏదో గురగురలాడింది.

“పెట్టమంటుండు,” అని జంపక్క పక్కకు జరిగింది.

గిటారు గర్జించింది. కోళ్లు చెల్లాచెదురయ్యాయి. ఎప్పుడూ ఎవరో ఒకరు వచ్చి ఆపించే చోటికి రాగానే అలవాటుగా అంతోనయ్య చెయ్యి బటన్ మీదికి పోయింది. ఎవరూ రాలేదు. ఆ తర్వాతంతా ఇద్దరికీ కొత్తే. మూడో పాటలో, ఇన్నేళ్లూ అరిచినవాడు, మెల్లగా, ఏడ్చినట్టు పాడుతున్నాడు. సీతయ్య ఎడమచేతి వేలు మంచం పట్టె మీద తాళం వేస్తోంది. అది చూసి అంతోనయ్యకు ఏడుపు ముంచుకొచ్చింది.

రెండో పక్క తిప్పాడు. కాసేపటికి పాడేవాడి గొంతు సాగి, మూలిగి, ఆగిపోయింది. మూత తీస్తే రీలు రబ్బరు చక్రానికి చుట్టుకుపోయి ఉంది. గట్టిగా లాగితే తెగిపోతుంది. మంచం మీద వేలు ఆగింది. అంతోనయ్య మంచం వైపు తిరిగాడు.

“జరసేపు ఆగు బావా. అయిపోతది, ఆగు.”

వెంట్రుక చిక్కు తీసినట్టు రీలును విడదీశాడు. క్యాసెట్టు డబ్బాలోని పెన్సిల్ ముక్క తీశాడు. బ్యాటరీ వృథా కాకుండా సీతయ్య రీళ్లు చుట్టిన పెన్సిలే అది. చక్రంలో గుచ్చి వదులు బిగించి, పాట మళ్లీ పెట్టాడు. వేలు కదిలింది.

చివరి పాట ఎంతకీ అయిపోయేటట్టు లేదు. డ్రమ్ముల జోరు పెరిగింది, వేలు మాత్రం మెల్లబడింది. కాసేపటికి ఆగింది. ఈసారి అంతోనయ్య సీతయ్య మొహంలోకి చూశాడు. కళ్లు పెట్టె మీదే ఉన్నాయి, చూపు లేదు. జంపక్క మోకాళ్ల మీద తల పెట్టుకుని పాట వింటోంది.

అంతోనయ్య చెయ్యి బటన్ దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ఇన్నేళ్లూ అందరూ మధ్యలోనే ఆపించారు. తాను ఆపదలచుకోలేదు. పాట అయిపోయింది. ఉత్త రీలు గరగరమని తిరిగి, బటన్ టక్కున పైకి లేచింది.

“చెల్లె,” అని పిలిచాడు అప్పుడు.

సాయంత్రం ఆ ఇంటి ముందు బాక్సులు కట్టాడు. టెస్టింగ్ చెయ్యలేదు. పంచలో ఖాళీ నులకమంచం పట్టె మీద పెన్సిల్ ఉంది, చివర సీతయ్య పంటి గాట్లతో.