ఇరవై రెండో ప్రశ్న

ఆదివారం సాయంత్రం చొక్కాలు ఇస్త్రీ చేయడం నా పని. వారానికి ఐదు చొక్కాలు, ఇరవై ఆరేళ్ళు. కాలరు ముందు, తర్వాత చేతులు, ఆఖరున వీపు. వీపు మీద మడత ఉన్నా క్లైవ్‌కి పట్టదు, పైన కోటు ఉంటుంది. కాలరు మీద మాత్రం గీత పడకూడదు, స్థలం అమ్మేవాళ్ళు ముందు కాలరే చూస్తారట. ఆ రోజు నాలుగో చొక్కా మీద ఉన్నాను. క్లైవ్ వంటింటి బల్ల దగ్గర కాగితాలు తిరగేస్తూ, తలైనా ఎత్తకుండా, కంపెనీలో సగం వాటా తమ్ముడు డెస్మండ్ పేరున రాస్తున్నానని చెప్పాడు. డెస్మండ్ కార్లమ్మే కొట్టు దివాలా తీసి ఆర్నెల్లు కాలేదు. స్థలాలు కొని ఇళ్ళు కట్టి అమ్మే వ్యాపారంలో అతనికి తెలిసింది సున్నా. నేను నవ్వుతూనే అన్నాను, ఆ కాగితాల్లో ఏదో ఒక మూల నా పేరు కూడా పెట్టొచ్చు కదా అని. క్లైవ్ కళ్ళద్దాలు తీసి నావైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే ఊరుకునేదాన్నేమో. నేనన్నది అతనికి నిజంగానే అర్థం కాలేదు.

"నీ పేరా? దేనికి? నువ్వేం చేశావని?"

ఇస్త్రీపెట్టె నా చేతిలోనే ఉంది. ఐదో చొక్కా కూడా చేసి, తగిలించి, పెట్టె చల్లారేదాకా అక్కడే నిలబడ్డాను.

నేనేం చేశానో చెబుతాను. యార్క్‌షైర్‌లో మా హాథర్‌బీ కౌన్సిల్ ఆఫీసులో, రెండో అంతస్తులో, నాదొక బల్ల. ఇంగ్లండులో ఎవరైనా ఇల్లో స్థలమో కొనేముందు కౌన్సిల్‌కి ఫారం పంపి అడుగుతారు, ఈ స్థలం మీద మీ దగ్గర ఏమేం రాసి ఉంది అని. దీని మీదుగా రోడ్డు వేసే ఆలోచన ఉందా, చెట్లు కొట్టకూడదని ఆంక్ష ఉందా, అడుగున పాత చెత్తగుంట ఏమైనా ఉందా అని. మేము రిజిస్టర్లు చూసి జవాబు రాసి పంపిస్తాం. స్థలం హద్దు పటం మీద ఎర్రగీతతో ఉంటుంది కాబట్టి క్లైవ్ దాన్ని 'రంగులేసే ఉద్యోగం' అంటాడు. "మా హేజెల్‌కి కౌన్సిల్ వాళ్ళు జీతమిచ్చి బొమ్మలకి రంగులు వేయిస్తారు," అని పెళ్ళిళ్ళలో, బారసాలల్లో, ఒకసారి చావు భోజనాల్లో కూడా అన్నాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, అదే నాకిప్పుడు ఎక్కువ మండుతుంది.

ఆ రంగుల పనే పంతొమ్మిదేళ్ళు అతనికి అన్నం పెట్టింది. ఏ స్థలం మీద కన్నుపడినా, దాని పటం నాలుగు మడతలు పెట్టి రాత్రి భోజనాల దగ్గర నా కంచం పక్కన పెట్టేవాడు. "రేపొకసారి చూసిపెట్టు బంగారం," అనేవాడు. రిజిస్టరు ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, అందులో తప్పులేదు. కాని చూడటం తెలియాలి. ఏ పాత సంపుటంలో ఏ గీత ఎందుకుందో తెలియాలి. ఆఫీసు వేళ సొంతపనికి వాడకూడదు కనుక నా మధ్యాహ్నం భోజనం గంట దానికి పోయేది. మిల్లు వీధి స్థలం కింద రాతి గని పూడ్చిన చెత్త ఉందని చెప్పింది నేను. చర్చి వెనక తోటలో ఆ బీచ్ చెట్ల మీద చేయి వేస్తే జరిమానా అని చెప్పింది నేను. అతను ఆ రెండూ వదిలేశాడు, కొన్నవాళ్ళు మునిగారు. గోల్ఫ్ క్లబ్బులో, కంపెనీ పాతికేళ్ళ విందులో, క్లైవ్ గ్లాసు పట్టుకుని లేచి ముక్కు మీద వేలు పెట్టుకున్నాడు. చెడ్డ నేల అయితే ఈ ముక్కుకి ఇట్టే వాసన తగులుతుంది అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ రాత్రి నేను వేసుకున్న నీలం గౌను ఇప్పటికీ బీరువాలో ఉంది. మళ్ళీ ముట్టుకోలేదు.

ఆ పంతొమ్మిదేళ్ళలో ఏడేళ్ళు అత్తగారు మా ఇంట్లో, మంచం మీద. ఆవిడ పేరు ఈడిత్. అప్పుడే మా విభాగం పెద్ద పదవి ఖాళీ అయింది, అందరూ నాదే అనుకున్నారు. "మధ్యాహ్నం అమ్మకి సూపు ఎవరు పడతారు మరి?" అన్నాడు క్లైవ్, అంతే, ఇంకేమీ అనలేదు. నేను దరఖాస్తు పెట్టలేదు. నేను పని నేర్పిన గ్రేయం ఆ కుర్చీలో కూర్చున్నాడు. నేను మాత్రం భోజనం గంటలో సగం క్లైవ్ పటాలకి ఇచ్చి, మిగతా సగంలో బస్సు పట్టుకుని పరుగెత్తి, ఆవిడని పక్కకి తిప్పి, సూపు పట్టి, పక్క మార్చి మళ్ళీ ఆఫీసుకి వచ్చిపడేదాన్ని. తనని పలకరించడానికి వచ్చినవాళ్ళతో ఆవిడ నా ముందే అనేది, "మావాడు ఎండనక వాననక తిరుగుతాడు పాపం. కుర్చీలో కూర్చునే ఉద్యోగానికి ఒళ్ళు అలిసేదేముంది?" అని. ఆవిడ దుప్పట్లు ఉతికిన చేతులివి.

నువ్వేం చేశావని? సోమవారం బస్సులో, మంగళవారం కూరగాయలు తరుగుతూ, బుధవారం స్నానాల గదిలో, ఆ మాటే. నేను మంచిదాన్ని కాదు, ఇక్కడ ఒప్పుకుంటున్నాను. ఆ వారమంతా నేను అతని పతనం కోరుకున్నాను. చిన్నది కాదు, పెద్దది, నలుగురూ చూసేది.

గురువారం నాడు కంచం పక్కకి పటం వచ్చింది. మా ఊరి చివర, ఇంటికి ఐదు నిమిషాల నడకలో, రడ్ వాళ్ళ పొలం. ముసలి రడ్ పోయాక వారసులు వేలానికి పెట్టారు, వేలం మూడు వారాల్లో. క్లైవ్ కళ్ళు మెరుస్తున్నాయి. పద్నాలుగు ఇళ్ళు పడతాయట. తను రెండు స్థలాలు అమ్మేసి, డెస్మండ్‌తో అతని ఇల్లు తాకట్టు పెట్టించి కొంటాడట. మేముండే ఇల్లు కూడా తాకట్టు పెడదామని ఆ ఎండాకాలం అడిగాడు. అది మా అమ్మ ఇల్లు, నా పేరున ఉంది. నేను సంతకం పెట్టలేదు, దానికి నెలరోజులు మూతి ముడుచుకున్నాడు.

పటం విప్పగానే నాకు తెలిసింది. ఆ పొలంలో నాలుగు రాతిస్తంభాలు ఉంటాయి, మనిషెత్తువి, పైన ఇనప కొక్కేలతో. ఆవుల్ని కట్టేవి అంటాడు క్లైవ్. అంతెత్తున ఏ ఆవుని కడతారో అడగాలని అతనికి ఎప్పుడూ తోచలేదు. పదిహేడేళ్ళ కిందట పాత రిజిస్టర్లు తిరగరాసే పని నాకే పడింది. ఊరి పచ్చికల సంపుటంలో, అంటే ఊరందరి వాడుకకి వదిలిన గడ్డినేలల జాబితాలో, అరవై రెండో పేజీలో ఉందది. బట్టలారేసే పచ్చిక. నమోదు చేయించింది శ్రీమతి ఆగ్నెస్ ఆర్మిటేజ్, వితంతువు, వృత్తి చాకలిపని, 1968. హక్కుల గడిలో ఊరి నివాసులందరికీ ఆటలాడుకునే హక్కు, బట్టలు ఆరేసుకునే హక్కు అని ఉంది. ఒకప్పుడు ఈ ఊరి ఆడవాళ్ళందరూ సోమవారం పొద్దున ఆ కొక్కేలకే తాళ్ళు కట్టేవారు. ఇళ్ళలోకి మెషిన్లు వచ్చాయి, తాళ్ళు పోయాయి, రడ్ అందులో గడ్డి పెంచుకున్నాడు. అయినా రిజిస్టరులో పడ్డ పచ్చిక పచ్చికే. కొనుక్కోవచ్చు, దాని మీద ఇటుక మాత్రం పెట్టకూడదు, పెడితే నేరం. ఆ చాకలామె నాకు చుట్టమేమీ కాదు. అయినా ఆ పేరు చదివిన రోజు నుంచి నాకు ఆవిడంటే ఇష్టం.

పటం మళ్ళీ నాలుగు మడతలు పెట్టి అతని వైపు జరిపాను.

"ఇకనుంచి ఫారం నింపి పంపు క్లైవ్. అందరూ పంపినట్టే."

"అలిగావా?" అని నవ్వాడు. "సరేలే. ఫారం నింపడం కూడా ఒక విద్యేనా?"

పంతొమ్మిదేళ్ళలో అతను ఆ ఫారం ఎలా ఉంటుందో చూసి ఎరగడు. మొదటి భాగంలో మామూలు ప్రశ్నలు, వాటన్నిటికీ ఎలాగూ జవాబిస్తాం. రెండో భాగంలో అదనపు ప్రశ్నలు, కావలసినవాటికే టిక్కు పెట్టాలి, ఒక్కోదానికి విడిగా రుసుము. ఆఖరిది ఇరవై రెండో ప్రశ్న: ఈ స్థలం ఊరి ఉమ్మడి భూమిగా గాని, పచ్చికగా గాని నమోదై ఉందా? పొలం కొనేవాడెవడైనా ముందు టిక్కు పెట్టేది దానికే. ఆ శనివారం టీ తాగుతూ క్లైవే గొప్పగా చెప్పాడు, రెండో భాగం మొత్తం ఖాళీగా వదిలేశానని. "అదంతా లాయర్లు మేయడానికి పెట్టిన మేత. నేలకి ఎన్ని ప్రశ్నలుంటాయి?" అన్నాడు. నేను రొట్టె మీద వెన్న రాసుకుంటున్నాను. రాసుకుంటూనే ఉన్నాను.

సొంతవాళ్ళ ఫారం మనం ముట్టుకోకూడదు, అది మా దగ్గర నియమం. అందుకే అది రాగానే పక్కబల్ల నస్రీన్ ట్రేలో పెట్టాను. నస్రీన్ చురుకైన పిల్ల, ఎనిమిదేళ్ళుగా నాతో పనిచేస్తోంది. గంటకి తలెత్తి నన్ను చూసింది.

"హేజెల్, మీ ఆయన ఇరవై రెండుకి టిక్కు పెట్టలేదు. ఇది పొలం కదా. ఫోన్ చేసి అడగనా?"

అలా ఫోన్ చేయడం మా ఆఫీసులో ఒక మర్యాద. నియమం కాదు, మర్యాద. కొత్త లాయర్లు మరిచిపోతే చాలాసార్లు నేనే చేశాను. ఒక్క మాట చాలు. ఈడిత్ సూపు గిన్నె గుర్తొచ్చింది. ముక్కు మీద వేలు గుర్తొచ్చింది. అతని పటాలకి పోయిన నా భోజనం గంటలు, ఒక్కొక్కటీ, గుర్తొచ్చాయి. ఆగ్నెస్ ఆర్మిటేజ్‌కి ఎవరైనా ఫోన్ చేసి అడిగారా, ఈ పచ్చిక నీకు కావాలా అని? ఆమె తనే వెళ్ళి, తనే అడిగి, రాయించుకుంది.

"నియమం ఏమంటుంది నస్రీన్?"

"అడిగినవాటికే జవాబు ఇవ్వమంటుంది."

"అయితే అంతే ఇవ్వు."

నస్రీన్ ముద్ర తీసుకుని వేసింది. జవాబుల్లో ఒక్క అబద్ధం లేదు, ఒక్క తప్పు లేదు.

వేలంలో సుత్తి పడితే ఇక వెనక్కి లేదు. క్లైవ్ పాట పెంచి మరీ కొన్నాడు. ఆ సాయంత్రం డెస్మండ్ దంపతుల్ని పిలిచి షాంపేన్ తెరిచాడు. నేను గొర్రె మాంసం రోస్టు చేశాను, బంగాళాదుంపలు, పుదీనా చట్నీతో. ఎప్పటికన్నా బాగా కుదిరింది. డెస్మండ్ "అన్నయ్య ముక్కు పేరున!" అని గ్లాసెత్తాడు. నేనూ ఎత్తాను. నాకు జాలి వేయలేదు. వేస్తుందేమోనని వెతుక్కున్నాను కూడా, ఎక్కడా దొరకలేదు.

ఇళ్ళకి అనుమతి అడిగిన ఆరో వారంలో అది పచ్చిక, కట్టడానికి వీల్లేదని కౌన్సిల్ నుంచి జవాబు వెళ్ళింది, సంపుటం పేజీ నంబరుతో సహా. పావుతక్కువ పదకొండుకి క్లైవ్ మా కౌంటరు దగ్గరికి వచ్చాడు. వరసలో ముగ్గురున్నారు, వాళ్ళని తోసుకుని ముందుకొచ్చాడు. చొక్కా కాలరు మడతపడి ఉంది. వేలం నాటి నుంచీ నేను ఇస్త్రీ మానేశాను. పనమ్మాయిని పెట్టుకుందాం అన్నాడు గానీ పెట్టుకోలేదు.

"నీకు తెలుసు," అన్నాడు.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"పదిహేడేళ్ళ నుంచి."

గ్రేయం తన గదిలోంచి బయటికొచ్చి నిలబడ్డాడు. నస్రీన్ రాయడం ఆపేసింది. క్లైవ్ కౌంటరు అద్దం మీద అరచేయి పెట్టాడు. "డెస్మండ్ ఇల్లు పోతుంది. నా రెండు స్థలాలు పోయినట్టే. నా పేరు ఊళ్ళో మట్టిలో కలిసింది. ఏం చేశావే నువ్వు? ఏం చేశావు?"

ఆ మాట కోసం నేను రెండు నెలలకి పైగా ఎదురుచూస్తున్నానని ఆ క్షణంలోనే నాకు తెలిసింది.

"ఏమీ చేయలేదు క్లైవ్. నేనేమీ చేయనని నువ్వే కదా అన్నావు. ఈసారి నిజంగానే చేయలేదు." ఆ వెంటనే వరసలో వెనకున్నావిడతో అన్నాను, "రండి, మీకేం కావాలి?"

మరుసటి సోమవారం సెలవు పెట్టాను. పొద్దున్నే దుప్పట్లు, నా జాకెట్లు, ఆ నీలం గౌను ఉతికి, బుట్టలో పెట్టుకుని, కొత్త తాడు కొనుక్కుని పచ్చికకి నడిచాను. కొక్కేలు తుప్పుపట్టాయి గాని గట్టిగానే ఉన్నాయి. గాలి బాగా వీస్తోంది. మూడో దుప్పటి వేస్తుండగా కారు ఆగింది. క్లైవ్, డెస్మండ్ దిగారు. వాళ్ళతో ఒక లాయరు కూడా ఉన్నాడు, స్థలాన్ని ఎలాగైనా వదిలించుకునే దారి చూపించడానికి వచ్చాడు. క్లైవ్ గడ్డిలో అడుగులేసుకుంటూ వచ్చి తాడు పట్టుకున్నాడు.

"తీసెయ్ ఇవన్నీ. ఇది నా స్థలం."

"నీదే," అన్నాను. లాయరు నేలచూపులు చూశాడు. రిజిస్టరులో ఏం రాసి ఉందో ఆయనకి తెలుసు.

క్లైవ్ తాడు వదల్లేదు. అతని చూపు బుట్టలోకి వెళ్ళింది, దేన్నో వెతికింది. నాకు అర్థమైంది.

"నీ చొక్కాలు ఇంట్లో బకెట్లో నానుతున్నాయి," అన్నాను. "తాడు మీద ఇంకా చోటుంది. ఉతికి తెచ్చుకుని ఆరేసుకో. నువ్వూ ఈ ఊరివాడివే, నీకూ హక్కుంది."