పస్తు పెట్టిన ఈస్టు

ట్యాంకులోని ఈస్టును ఆమె కావాలనే పస్తు పెట్టింది. గడ్డిని ఉడికించి తీసిన చక్కెరనీరు పుష్కలంగా పోసి, నత్రజనిని మాత్రం బిగబట్టింది. నత్రజని అందని కణం మొగ్గ తొడిగి కొత్త కణాన్ని పుట్టించజాలదు. తిన్న చక్కెరను నూనెగా మార్చి కడుపులో దాచుకుంటుంది. ఈసారి చాలినంత నూనె రాకపోతే ట్యాంకును వేరే విభాగానికి ఇచ్చేస్తామని సంస్థ పాలకమండలి తేల్చేసింది. ఆ గదిలో తప్ప ఆమె కోసం ఎదురుచూసే ప్రాణి ఎక్కడా లేదు.

జ్వరం తగ్గి పనిలోకి వచ్చేసరికి ట్యాంకు అద్దం వెనుక నురగ పొంగుతోంది. సంస్థ అధిపతి అయిన ఆమె చెల్లెలి భర్త దాన్ని చూసి మురిసిపోతున్నాడు.

"చూశారా వదినా! ఇవి నీరసపడి పెరగడమే మానేశాయి. నిన్న పొద్దున నేనే కాస్త నత్రజని వేయించాను. ఎలా లేచి కూర్చున్నాయో!"

"ఎవర్నడిగి వేయించావు?"

"అడగడానికేముంది? ఒక్కరే కదా అని మీరెలాగూ వండుకోరు. ఆ పస్తులు వీటికీ అంటగడితే ఎలా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. జాలి చూపడానికి విషయం తెలిసి ఉండాలని అతనికి ఎన్నడూ తోచలేదు.

ఆమె మైక్రోస్కోపులోకి వంగింది. మొన్న కణాన్నంతా ఆక్రమించిన నూనెబొట్టు చిక్కిపోయింది. చక్కెర అప్పటికే అడుగంటింది. చేతికందిన నత్రజనితో మొగ్గలు తొడిగేందుకు కణాలు దాచుకున్న నూనెనే కరిగించుకుంటున్నాయి. ఇలాగే వదిలేస్తే రేపటికి ఏమీ మిగలదు.

"ట్యాంకు ఆపేస్తున్నాను."

"మధ్యాహ్నం అతిథులొస్తున్నారు! ఖాళీ ట్యాంకు చూపించమంటారా? నా పరువేం కాను?"

"వాళ్ళకి నురగ చూపించడానికా నేనిక్కడున్నది?"

"ఈ మొండితనం వల్లే మీ పక్కన మనిషన్నవాడు నిలవడు."

బంధువులంతా ఇన్నేళ్ళూ మెత్తగా చెప్పినదే అతను గట్టిగా అన్నాడు. ఆమె గాలిగొట్టం కట్టేసి, కణాల పని ఆగేలా ట్యాంకు చుట్టూ చల్లనీళ్ళు వదిలింది. మిగతావాళ్ళు అతని వెంట వెళ్ళిపోయారు.

కణాలను వేరుచేసి, పగలగొట్టి, నూనె తీసేసరికి పొద్దు వాలింది. నూనె స్వచ్ఛంగా, లేత పసుపులో ఉంది. కావలసినదానిలో సగం కూడా లేదు.

చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, ఆయన కోపంగా ఉన్నారే. ఒక్కసారి తప్పయిందని అనేయవే. నీ సొమ్మేం పోయింది?"

"నూనె వచ్చిందే," అంది ఆమె.

"ఏ నూనె?"

ఆమె ఫోన్ పెట్టేసి, తర్వాత వచ్చేవాళ్ళ కోసం ట్యాంకు కడగసాగింది.