విద్యార్హతలు అన్న చోట

పట్టాల పండగనాడు టోపీకి వేలాడే ఆ కుచ్చు ముందు కుడి పక్కన ఉండాలి, వేదిక దిగాక ఎడమ పక్కకి తిప్పుకోవాలి, అందరూ తిప్పుకున్నారు, తనూ తిప్పుకుంది, ఆ ఒక్కటీ తిప్పుకోకుండా ఉన్నా బావుండేది, అనుకుంది ఐలా, డులూత్ లైబ్రరీలో కంప్యూటరు ముందు కూర్చుని, తెర మీద విద్యార్హతలు అన్న మాట కింద చిన్న గీత కొట్టుకుంటోంది, పైన మూలన ఇంకా నలభై ఒక్క నిమిషాలు అంటోంది, నాలుగింటికల్లా దరఖాస్తు పంపకపోతే బడి ఆఫీసులో ఆ ఉద్యోగం లేనట్టే, ఒళ్లో టిల్లీ దగ్గుతోంది, రెండున్నరేళ్ల పిల్ల గుండెల్లో ఇన్ని పిల్లికూతలు ఎక్కడినించి వస్తాయో, ఆ పీల్చే మందు డబ్బాలో ఇంకా ఎన్ని పీల్పులున్నాయో, ఓడరేవులో మొగుడు లైల్‌ని పనిలోంచి తీసేశాక ఆరోగ్య బీమా ఈ నెలాఖరుతో సరి, ఈ ఉద్యోగం వస్తే మొదటి రోజునించే బీమా, వస్తే.

రెండేళ్ల చదువు, ఆఫీసు నిర్వహణ, అందులో రెండే క్లాసులు మిగిలాయి, గణాంకాలొకటి, నలుగురి ముందు నిలబడి మాట్లాడే క్లాసొకటి, ఆ రెండోది భయపడే చివరికి వాయిదా వేసుకుంది, వేసవిలో పూర్తిచేస్తామంటే చాలు, మే నెలలో అందరితోపాటు వేదిక ఎక్కనిస్తుంది కాలేజీ, అది అక్కడ మామూలే, చేతికిచ్చే అట్ట అందరికీ ఖాళీదే, అసలు పట్టా ఆ తర్వాత పోస్టులో వస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు, ఏడో నెల కడుపు మీద నల్ల గౌను గుడారంలా నిలబడింది, అమ్మ మార్లీస్ మూడో వరసలోంచి లేచి అరిచింది, మన నీమి ఇంటిపేరు వాళ్లలో పట్టా పుచ్చుకున్న మొదటిదానివే నువ్వూ, అని, అందరూ తిరిగి చూశారు, ఆ ఆనందం మీద నీళ్లు పోసి రెండు క్లాసులున్నాయమ్మా అని ఎలా అంటుంది, ఆగస్టులో చెబుదాం పూర్తయ్యాక అనుకుంది, జూన్‌లో రక్తపోటు ఎక్కి మంచం దిగొద్దన్నారు, జూలైలో టిల్లీ పుట్టింది, ఆగస్టు వచ్చింది పోయింది, మూడు ఆగస్టులు అలాగే పోయాయి, అబద్ధం ఆడలేదు తను, ఒక్కసారి కూడా నోటితో ఆడలేదు, నిజం చెప్పలేదంతే, ఇప్పుడు మాత్రం రాయాలి.

పొద్దున్నే డోరీన్ ఫోను, లైల్ మేనత్త, ఆ బడి ఆఫీసులోనే పదిహేనేళ్లుగా ఉంది, ఏమే పిల్లా, నీ పేరు ప్రిన్సిపాల్ చెవిన వేశాను, రెండేళ్ల పట్టా ఉంది, నా కళ్లారా చూశాను వేదిక ఎక్కడం అని చెప్పాను, నా మాట నిలబెట్టు, అంది, ఆ నోటితోనే క్రిస్మస్‌కి ఒక కథ చెప్పింది, నాలుగేళ్లు పనిచేసిన పిల్ల ఒకతి, లేని చదువు రాసుకుందని బయటపడి, పిల్లలందరూ అన్నాలు తినే వేళకి అట్టపెట్టె చంకనపెట్టుకుని వెళ్లిపోయిందట, దాని మొహం చూడాలర్రా అని డోరీన్ పగలబడి నవ్వింది, అందరూ నవ్వారు, తనూ నవ్వింది. సంవత్సరం రాయకపోతేనో, కాలేజీ పేరొక్కటే రాసి ఊరుకుంటేనో, అసలు కాలేజీయే తీసేస్తే హైస్కూలు పైకి వస్తుంది, అప్పుడా రెండేళ్లు ఊడిన పన్నులా కనబడతాయి, డోరీన్ అబద్ధాలకోరు అవుతుంది.

మంగళవారాలు దరఖాస్తులకి సాయం చెయ్యడానికొచ్చే హాల్వర్ తాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, సంవత్సరం దగ్గర ఆగిపోయావేం అమ్మాయ్, నా వయసు వాళ్లు సంవత్సరం తీసేస్తే వయసు దాస్తున్నారని అర్థం, నీ వయసు వాళ్లు తీసేస్తే ఏం దాస్తున్నట్టూ, అని నవ్వాడు, ఆమె నవ్వలేదు, ఎవరో మా స్నేహితురాలు పూర్తి చెయ్యలేదు, అలాంటివాళ్లు ఎలా రాస్తారు, అంది, ఓ, మీ స్నేహితురాలా, అన్నాడాయన, టిల్లీ బూటు పైకి లాగుతూ, ఆవిడకి చెప్పు, కాలేజీ పేరు, ఏం చదివిందో అది, ఏ ఏడు నించి ఏ ఏడు దాకానో, పట్టాకి కావలసిన అరవై క్రెడిట్లలో ఎన్ని పూర్తయ్యాయో, అంతే, పట్టా అన్న మాట జోలికి పోవద్దను, చదివిన చదువు ఎవరూ లాక్కోరు, చదవనిదే మెడకి చుట్టుకుంటుంది, యాభై నాలుగు, అంది ఐలా, ఎవరివి, అన్నాడు, మా స్నేహితురాలివి, అంది, కళ్లు మండాయి.

టైపు చేసింది, యాభై నాలుగు అన్న అంకె తెర మీద చూస్తే అంత తక్కువగా ఏమీ లేదు, కానీ కింద ఇంకో గడి, పట్టా పొందారా, అవును, కాదు, పద్నాలుగు నిమిషాలు, సరిగ్గా అప్పుడే ఫోను వణికింది, డోరీన్, పంపావుటే, ప్రిన్సిపాల్ ఆవిడ రెండుసార్లు అడిగింది, అంటే ఐలా నోరు తన అనుమతి అడక్కుండానే కదిలింది, అత్తా నాకు పట్టా లేదు, రెండు క్లాసులు మిగిలిపోయాయి, అప్పటినించీ చెప్పలేదు, అమ్మకి కూడా, అవతల ఏదో ప్రింటరు కూత మధ్యలోంచి డోరీన్, అయితే ఆ పట్టాల రోజు నేను తెల్లారకుండా లేచి చేసిన కేకంతా ఉత్తినే మింగారన్నమాట, అంది, నవ్వో ఏడుపో తెలియలేదు, ఇప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని చెప్పనే ఆవిడకీ, నేను చెబుతానత్తా, అంది ఐలా, అన్నాక తన గొంతే అది అని గుర్తుపట్టింది, సరే ముందు పంపి చావు, మన సంగతి తర్వాత చూస్తాను, అని డోరీన్ పెట్టేసింది.

కాదు అన్న దాని మీద నొక్కింది, దరఖాస్తు పంపేసింది, భయం పోతుందనుకుంది, ఎక్కడికీ పోలేదు, టిల్లీ ముక్కు తన మెడకి రాసుకుంటోంది, ఉద్యోగం రాకపోతే మందు ఎలా, అమ్మకి ఏం చెప్పాలి, అన్నీ అలాగే ఉన్నాయి, కాకపోతే ఆమెకి ఒకటి అర్థమైంది, ఉద్యోగం రాదేమోనన్న ఈ భయానికి ఒక శుక్రవారమో సోమవారమో ఉంది, ఆ రోజు ఫోను మోగితే ఇటో అటో తేలిపోతుంది, అవును అని నొక్కి తెచ్చుకున్న ఉద్యోగంలో మాత్రం ప్రతి పొద్దున్నా తలుపు తెరిచి లోపలికి వెళ్లేటప్పుడు మళ్లీ మొదటినించీ భయపడాలి, మూడేళ్లుగా తను చేస్తున్నది అదే.