గుట్ట అవతలి బావి

“దీనికి ఇక్కడి నీళ్లు పడలేదురా” అంది పాపమ్మ, చింతపండు పిసుకుతూనే కళ్లు తిరిగి గోడకు ఆనుకుపోయిన కోడల్ని చూసి. ఆ మాట కోడలితో కాదు, కొడుకుతో అంది. ఫిలోమినా ఒంట్లో ఏముందో ఆ ఇంట్లో ఎప్పుడూ మిగతా ఇద్దరే మాట్లాడుకునేవాళ్లు.

రేపల్లె పక్కన కృష్ణ కాలవ నీళ్లు తాగి పెరిగిన కుటుంబం అది. మాచర్ల అవతల నదికి అడ్డంగా పెద్ద డ్యాము కడుతున్నారని, తాపీ పట్టినవాడికి ఏళ్ల తరబడి పని దొరుకుతుందని విని రెండేళ్ల కిందట ఈ కూలీల క్యాంపుకు వచ్చిపడ్డారు. కొడుకు బాలశౌరిది తాపీ పని, కోడలు ఫిలోమినాది కంకర తట్టలు మోసే పని. వచ్చిన కొత్తలో తల్లికీ కొడుక్కీ విరేచనాలు పట్టుకున్నాయి. క్యాంపు కొళాయి నీళ్లే అందుకు కారణమని పాపమ్మ తేల్చేసింది. ఇనప గొట్టాల్లోంచి మందు వాసనతో వచ్చే ఆ నీళ్లు పేగుల్ని కోసేస్తాయట. గుట్ట అవతల పొలాల్లో బావి ఒకటుందట, దాని నీళ్లు తాగితే రాళ్లు తిన్నా అరుగుతాయట. ఈ సంగతి ఆవిడకు ఎవరు చెప్పారో గానీ, చెప్పినవాళ్లు మొయ్యక్కర్లేదు కదా!

ఆనాటి నుంచి ఫిలోమినా నెత్తిన పనికి పోయే ముందు ఒక కడవ, పని నుంచి వచ్చాక ఒక కడవ. తల్లీకొడుకులకు ఒళ్లు కుదుటపడింది. బాలశౌరి బుగ్గలు పూడాయి. ఈ దేశం మాకు బాగా అచ్చొచ్చిందని ఊరికి పోయేవాళ్లందరితో కబురు పంపేవాడు. ఫిలోమినాకు మాత్రం నడుం నొప్పి, కళ్లు తిరగడం. పోయిన వేసవిలో గుట్ట దిగుతుండగానే కడుపు పోయింది. అందరికీ పడ్డ నీళ్లు దీనికే పడలేదంటే పుట్టింటి రక్తమే పలచన అయ్యుంటుందని పాపమ్మ తీర్పు చెప్పింది. ఆ ఇంట్లో జబ్బు మనిషంటే ఫిలోమినా ఒక్కతే. వినీ వినీ ఆమె కూడా అదే నమ్మింది.

ఈ ఎండాకాలం మళ్లీ నెల తప్పింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాక కడుపు పోతే ఆ తప్పు కూడా తన రక్తానిదే అవుతుంది. రెండో నెల పడిన ఒక పొద్దున ఖాళీ కడవతో గుట్ట మొదట్లోనే ఆగిపోయింది. పోయినసారి రక్తం చూసుకున్న బండ పైన కనబడుతూనే ఉంది. కడుపు పోయిన ఆ రోజు కాసేపు ఆ బండ మీద కూర్చుని, మళ్లీ కడవ ఎత్తుకునే ఇంటికి వచ్చింది తను. చుక్క ఒలకలేదని అత్త మెచ్చుకుంది కూడా. అది గుర్తొచ్చి ఫిలోమినాకు ఒళ్లు మండిపోయింది. అసలు ఆ బావి నీళ్లు తను తాగిందెప్పుడు? వాళ్లిద్దరూ తాగాక కడవలో అడుగూ బొడుగూ మిగిలితే తాగడం, లేకపోతే పనిచోట కొళాయి కింద దోసిలి పట్టడం. తాగని నీళ్లు తనకు పడకపోవడమేమిటి? ఆ కొళాయిలో వచ్చేది మాత్రం కృష్ణ కాదా? ఇక్కడి నుంచి దిగువకు పారి తమ ఊరి కాలవలో కలిసేది ఈ నీళ్లే కదా.

వెనక్కి తిరిగి కొళాయి దగ్గర కడవ నింపుకుంది. మందు వాసన పోయేదాకా పొరుగింటి చాంద్ బీ గుడిసె వెనక మూత తీసి పెట్టి, గుట్ట ఎక్కి దిగేటంత సేపూ అక్కడే కూర్చుంది. తీరా చూస్తే ఆమెకు కూర్చోవడం రాలేదు. చేతులు ఊరుకోక గడ్డి పీకాయి, కొంగు మడిచి విప్పాయి. ఎవరన్నా చూస్తారేమోనని మాటిమాటికీ దారి వైపు మెడ సాచింది. తన ఒళ్లు తను కాపాడుకోవడానికి దొంగలా దాక్కోవాల్సి వచ్చిందే అని ఏడుపొచ్చింది. చాంద్ బీ బయటికొచ్చి చూసింది. లోపలికెళ్లి పీట తెచ్చి వేసింది.

రెండు పూటలా ఇలాగే నెల గడిచింది. ఎవరికీ ఏమీ కాలేదు. బావి నీళ్లు నానాటికీ తియ్యనవుతున్నాయని పాపమ్మ లోటా మీద లోటా తాగింది. ఫిలోమినాకు నడుం నొప్పి తగ్గింది, అన్నం సహించింది. ఇన్నాళ్లకు దీనికీ నీళ్లు పడ్డాయని అత్త సంబరపడింది కూడా. అక్కడితో ఆగి ఉంటే ఫిలోమినా నోరు విప్పేది కాదేమో.

ఆదివారం నాడు మేస్త్రీ గోవిందయ్య ఇంటికొచ్చి, లోటాడు నీళ్లు తాగి బాగున్నాయన్నాడు. పాపమ్మ పొంగిపోయి, వాళ్లింటికీ రోజూ రెండు కడవలు కోడలు తెచ్చిపెడుతుందని మాటిచ్చేసింది.

“రేపట్నుంచే తేవే. ఇప్పుడు నీ ఒళ్లు బాగానే ఉందిగా” అన్నాడు బాలశౌరి, తన లోటా ఎత్తుతూ.

ఫిలోమినా కడవ మీద మూత పెట్టింది. “అయ్యి కొళాయి నీళ్లు అత్తా. నెల నుంచీ మీరు తాగేది అయ్యే. నాకు మూడో నెల. ఇక ఆ గుట్ట నేనెక్కను.”

గోవిందయ్య నవ్వాపుకుంటూ కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. పాపమ్మ చెయ్యి మెల్లగా పొట్ట మీదికి పోయింది.

“అందుకేరా అబ్బాయ్, పొద్దున్నుంచీ పేగులు మెలిపెడతన్నయ్యి.”

బాలశౌరి లోటా కింద పెట్టేశాడు. “నాకూ చానా రోజుల్నుంచి నీరసంగానే ఉంటందమ్మా” అని మంచం మీద వాలిపోయాడు. మూడో నెల అన్న మాట ఇద్దరి చెవికీ ఇంకా ఎక్కలేదు.

ఫిలోమినా ఆ లోటా అందుకుని గటగటా తాగింది. ఆ పూట ఆ ఇంట్లో జబ్బు లేని మనిషి ఆమె ఒక్కతే.